మా మామగారి తెల్ల గుర్రం

మా మామగారికి మాటలు కోటలు దాటేవి. నర్సీపట్నం బస్టాండు దగ్గర ఆ రోజుల్లో పది పన్నెండు జట్కాలు వరసగా నిలబడి ఉండేవి. అన్నిట్లోకీ తన బండే గట్టిదనీ, తన గుర్రమే చురుకైనదనీ, తాను తోలితే ఒళ్ళో పెట్టుకున్న పాలచెంబు కూడా తొణకదనీ ఆయన నమ్మకం. మిగతా బండివాళ్ళూ ఎవరి బండి గురించి వాళ్ళు ఇదే చెప్పుకునేవారు. మా మామగారు కొంచెం గట్టిగా చెప్పేవారు, అంతే తేడా.

మా ఇంట్లో దొడ్డు బియ్యం వండుకున్నా బయట సన్నబియ్యమనే చెప్పేవారు. పెరట్లో రెండు జీడిమామిడి చెట్లుంటే తోట అనేవారు. నేను ఎనిమిదో తరగతి దాకా చదివితే, కోడలు పెద్ద చదువులు చదివిందని బండెక్కిన ప్రతివాళ్ళకీ చెప్పారు. అది నమ్మి ఒకావిడ నాచేత ఇంగ్లీషులో అర్జీ రాయించుకోవడానికి ఇంటికొచ్చింది. ఆవిడకి నచ్చజెప్పి పంపేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. అందుకే మామగారు ఏదైనా గొప్పగా చెబితే మేం లోపల నవ్వుకుని ఊరుకునేవాళ్ళం. కాదని ఎదురు చెప్పే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. చివరికి అదే మా కొంప ముంచబోయింది.

నాకు పెళ్ళయింది డెబ్భై మూడులో. మాది మాకవరపాలెం దగ్గర పల్లె. మా చర్చిలో పెళ్ళయ్యాక బస్సులో నర్సీపట్నం తీసుకొచ్చి, బస్టాండులో మామగారి జట్కా ఎక్కించారు. కొత్త పెళ్ళికూతుర్ని కదా, సిగ్గుపడుతూ వెనక మూల ఒదిగి కూర్చున్నాను. ఆయన వెనక్కి తిరిగి చూడకుండానే, "అమ్మా, కొద్దిగా ముందుకి జరుగు. గుర్రం గాల్లోకి లెగిసిపోతన్నాది" అన్నారు. అత్తవారి వైపు నుంచి నాకు దక్కిన మొదటి మాట అదే. అప్పట్లో నేను ఈనెపుల్లలా ఉండేదాన్ని. నా పక్కన కూర్చున్న మా ఆయన మేనత్తగారు ఒక్కరే ఇద్దరి పెట్టు. ఆవిణ్ణి ఏమీ అనకుండా నన్ను జరగమంటారా అని నాకు చర్రున కోపం వచ్చింది. పెళ్ళిరోజు కాబట్టి నోరు మూసుకుని జరిగాను.

జట్కావాడి విద్యంతా ఆ జరపడంలోనే ఉందని తరవాత తెలిసింది. రెండు చక్రాల బండి. వెనక బరువెక్కువైతే ముందు కర్రలు పైకి లేచి, గుర్రం పొట్ట కింద పట్టీ బిగుసుకుంటుంది. ముందు బరువెక్కువైతే మొత్తం దాని వీపు మీద పడుతుంది. అందుకని ఎక్కినవాళ్ళని ఒకర్ని ముందుకీ ఒకర్ని వెనక్కీ జరిపి, త్రాసు ముల్లు మధ్యకి వచ్చిందనిపించాకే బండి కదిలించేవారు. తాసిల్దారుగారైనా, పాస్టరుగారైనా జరగాల్సిందే. మేనత్తగారు మాత్రం ఎక్కడ కూర్చుంటే అక్కడే ఉంటారు, మిగతావాళ్ళే ఆవిణ్ణి బట్టి సర్దుకోవాలి.

మా ఆయన లారీ ఆఫీసులో గుమాస్తా. చిన్నప్పుడు ఆయన భుజాన్ని గుర్రం కొరికిందట. ఆ కథ మామగారు చెబితే పన్ను ఊరికే తగిలింది. మా ఆయన చెబితే భుజం సగం ఊడి చేతికొచ్చింది. ఏది నిజమో గాని, గుర్రప్పాక వైపు తిరిగి కూర్చుని అన్నం కూడా తినేవారు కాదు. మా అత్తగారు నా పెళ్ళికి రెండేళ్ళ ముందే పోయారు. అప్పటిదాకా గుర్రం పనులన్నీ ఆవిడే చూసేవారట. కోడలొచ్చిందని ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ సంతోషించింది గుర్రమే అయి ఉంటుంది.

పొద్దున్నే నానబెట్టిన ఉలవలు ఉడకేసి, తవుడు కలిపి పెట్టాలి. ఉలవల్లో రాయి తగిలితే గుర్రం నమలడం ఆపి నా వైపు చూసేది. అన్నంలో రాయొచ్చినప్పుడు మా ఆయన కూడా అంత గుర్రుగా చూసి ఎరగరు. కొబ్బరి పీచుతో ఒళ్ళు తోమాలి. కాళ్ళెత్తి డెక్కల్లో ఇరుక్కున్న రాళ్ళు పుల్లతో తీయాలి. పట్టీల కింద చర్మం ఒరుసుకుందేమో చేత్తో తడిమి చూడాలి. వారానికోసారి చక్రాలూడదీసి ఇరుసుకి కందెన పెట్టాలి, బండిలో పరిచిన గడ్డి మార్చి పైన గోనెపట్టా సర్దాలి. మొదట్లో ఏడుపొచ్చేది. ఆదివారం ఎంత సబ్బు రుద్దుకుని చర్చికి వెళ్ళినా, పక్కన కూర్చున్నావిడ ముక్కు అటూ ఇటూ కదిలేది. ఏడాది తిరిగేసరికి బండి కట్టడం, విప్పడం అన్నీ వచ్చేశాయి. పెరట్లోంచి వీధి గుమ్మం దాకా తోలుకొచ్చి మామగారికి అప్పజెప్పేదాన్ని. వీధిలో మాత్రం ఎప్పుడూ తోలలేదు. ఆడవాళ్ళు జట్కా తోలడం ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు.

అప్పటి గుర్రం నిజంగానే తెల్లది. ఆ ఒక్క విషయంలో మామగారి మాటలో పొల్లు లేదు. డెబ్భై ఆరులో, నేను పురిటికి పుట్టింట్లో ఉండగా, అది కడుపునొప్పి వచ్చి ఒక్కరోజులో చచ్చిపోయింది. మామగారు పదిరోజులు బస్టాండు ముఖం చూడలేదట. పదకొండో రోజున తుని వైపు నుంచి ఒక బేరగాడు గుర్రాన్ని తెచ్చి చూపిస్తే, ఒక్కరే వెళ్ళి, నుదుటి మీద సుడి తడిమి చూసి, మంచి సుడి అని కొనేశారు. మా ఆయన అటువైపు వెళ్ళరు కదా.

పిల్లతో నేను తిరిగి వచ్చిన రోజు మామగారు నన్ను పాక దగ్గరికి తీసుకెళ్ళి, "సూడమ్మా, పాలనురగ" అన్నారు. పాకలో లేత గోధుమ రంగు గుర్రం ఒకటి, మట్టి రంగు జూలుతో నిలబడి ఉంది. తెల్ల గుర్రం ఇంకోటి వెనకెక్కడైనా ఉందేమో అని నేను తొంగి చూశాను. లేదు.

"పాలనురగే మావయ్యా, కాకపోతే టీలో కలిపేసినట్టున్నారు" అన్నాను.

ఆయన పడీపడీ నవ్వారు. "మట్టిలో పొర్లింది తల్లీ. బాగా తోము, తెల్లబడతాది" అన్నారు.

మామగారి గొప్పల్లో ఇదొకటి అనుకున్నాను. పాత గుర్రం పేరు పోకూడదని పంతం పట్టారనుకున్నాను. బస్టాండులో అందరూ అలాగే అనుకున్నారు. ఆయన తెల్లది అంటే, "అవునవును, కొంగలాగుంది" అని తోటి బండివాళ్ళు వత్తాసు పలికి నవ్వుకునేవారు. నేను కూడా ఆ ఆట మానలేదు. మామగారు నాలుగు రోజులకోసారి, "ఏటమ్మా, తెల్లబడ్డాదా?" అని అడిగేవారు. "ఇంకో రెండు సబ్బులు పడతాయి మావయ్యా" అనేదాన్ని. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. అప్పుడు మాత్రం ఇద్దరం కలిసి నవ్వుకునేవాళ్ళం.

అదే రోజుల్లో ఆయనకి ఇంకో పేరొచ్చింది. బండెక్కినవాళ్ళని వెనక్కి తిరిగి చూడకుండా, బరువుని బట్టి పోల్చేస్తారని. నిజంగానే పోల్చేవారు. మిషను స్కూలు టీచరుగారు ఎక్కగానే, "ఏటండీ టీచరమ్మగారూ, ఇయాల తేలిగ్గున్నారు, కారేజీ మర్సిపోనారా?" అనేవారు. ఆవిడ సంచి తడుముకుని నోరు తెరిచేది. ఇనప మెట్టు మీద అడుగు పెట్టిన తీరులోనే మనిషి తెలిసిపోయేదట ఆయనకి. పాస్టరుగారు ఎడమకాలు ముందు పెడతారనీ, కాంపౌండరుగారు ఎక్కేముందు మెట్టు ఊపి చూస్తారనీ చెప్పేవారు. నాతవరం నుంచి వచ్చే బెల్లం వ్యాపారి ఒకాయన, ఈయన్ని పరీక్షించడానికి పక్కవాణ్ణి ఎక్కించి తను కింద దాక్కున్నాడట. "బాబూ, మీరు కూడా ఎక్కండి, బేగి ఎళ్దాం" అన్నారట మామగారు. ఊరంతా చెప్పుకున్నారు. నేను కూడా మా అమ్మతో గొప్పగా చెప్పాను.

మనిషి తిరిగి చూడటం ఎందుకు మానేశాడో ఎవరూ ఆలోచించలేదు. దీపాలు పెట్టే వేళకి ఇంటికొచ్చేయడం మొదలుపెట్టారు. గుర్రానికి రెస్టు కావాలన్నారు. సరే అనుకున్నాం. ఉలవలు చాటలో పోసుకుని రాళ్ళు ఏరేవారు, ఆ పని కూడా నాకే ఒదిలేశారు. పెద్దాయన, ఓపిక తగ్గిందనుకున్నాను. చెర్నాకోల కర్రని చక్రం ఆకుల మధ్య పెట్టి టకటకలాడిస్తూ, "తప్పుకోండి, తప్పుకోండి" అని ఖాళీ రోడ్డు మీద కూడా అరిచేవారు. హడావిడి మనిషి, అరవనీ అనుకున్నాను. అన్నీ నా కళ్ళెదుటే జరిగాయి. నా కళ్ళకేం, నిక్షేపంలా ఉండేవి.

డెబ్భై తొమ్మిది వేసవిలో హైస్కూల్లో కళ్ళ కేంపు పెట్టారు. పట్నం నుంచి పెద్ద డాక్టర్లొచ్చి శుక్లాలకి ఆపరేషన్లు చేస్తారని ఊరూరా దండోరా వేయించారు. కృష్ణదేవిపేట, మాకవరపాలెం, నాతవరం బస్సుల్లోంచి ముసలివాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని దిగేవారు. బస్టాండు నుంచి కేంపుకి జట్కాల్లో తోలుకెళ్ళేవారు. మామగారికి ఊపిరాడనంత బేరం. "పాపం, గుడ్డోళ్ళమ్మా, రోడ్డు కూడా కనబడదు" అని ఇంటికొచ్చి జాలిపడేవారు.

మూడో రోజున పక్కింటి మామ్మగారికి తోడుగా నేనూ బయల్దేరాను. బండిలో మేమిద్దరం, నాతవరం నుంచి వచ్చిన ముసలి దంపతులు. మామగారు యథాప్రకారం నన్ను ముందుకు జరిపారు. దారి పొడుగునా గుర్రం గొప్ప చెబుతున్నారు. "తెల్ల గుర్రవు బాబూ, మల్లిపువ్వే" అంటున్నారు. నాతవరం ముసలాయన, "ఔనౌను, కనబడతన్నాది, మా బాగున్నాది" అన్నాడు. నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకున్నాను.

హైస్కూలు ఇంకో సందు దూరంలో ఉందనగా గుర్రం టక్కున ఆగిపోయింది. మామగారు అదిలించారు. కదల్లేదు. పగ్గం లాగారు. కదల్లేదు. "ఏటే, దారి ఖాళీగున్నాది కదా, ఏటి నీ మాయరోగం?" అన్నారు. వెనక నుంచి ఇంకో జట్కావాడు గంట కొడుతున్నాడు. అవతల పదిమంది బేరం కాచుకుని ఉన్నారు. మామగారికి చిరాకెత్తి, చక్రం టకటకలకి తప్ప ఎన్నడూ వాడని చెర్నాకోల తీసి ఒక్కటిచ్చారు. గుర్రం ఒళ్ళు వణికింది గాని అడుగు వేయలేదు. రెండోది ఇంకా గట్టిగా పడింది. అది నాలుగు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి అలాగే నిలబడింది.

నేను కిందికి దూకాను. గుర్రానికి మూరెడు దూరంలో, నీళ్ళ గొట్టాల కోసం రోడ్డుకి అడ్డంగా తవ్విన గొయ్యి ఉంది. పొద్దున్నే తవ్వినట్టున్నారు, నిన్న లేదు. నిలువెత్తు లోతు. ఇవతల గట్టు మీద వెదురుకర్రకి ఎర్రగుడ్డ కట్టి పెట్టారు. ఆ గుడ్డ గాలికి ఎగిరి గుర్రం మూతికి తగులుతోంది. మామగారు పైన కూర్చుని దానికేసే చూస్తున్నారు.

"మావయ్యా, ముందేటుంది?" అన్నాను.

"ఏటుంటాది, రోడ్డే."

"ఎర్రగుడ్డ ఏదైనా కనబడతందా?"

ఆయన చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకున్నారు. "ఎండ కళ్ళల్లో పడ్డాదమ్మా" అన్నారు. ఎండ ఆయన వీపు మీద ఉంది.

అంత కోపం నాకు అంతకు ముందూ రాలేదు, ఆ తరవాతా రాలేదు. మూడేళ్ళుగా ఊళ్ళోవాళ్ళందర్నీ, మా పిల్లని కూడా ఎక్కించుకుని ఈ మనిషి చూపు లేకుండా తిరిగారు. ఇన్నాళ్ళూ ఆయన బండి తోలలేదు, గుర్రమే ఆయన్ని తోలుకొచ్చింది. దగ్గరికెళ్ళి, వెనకవాళ్ళకి వినబడకుండా, "ఈ బండి దిగి మీరు కూడా కేంపులో చూపించుకోవాలి" అన్నాను.

"నా కళ్ళకేటి? బాగానే ఉన్నాయి."

"అయితే దిగి రండి, ముందున్న గోతిలో చెయ్యి పెట్టి చూడండి."

ఆయన మొహం వాడిపోయింది. కోటలు దాటే మాటలు గొంతు దాటలేదు. నెమ్మదిగా, "కేంపుకెళ్తే ఊరంతా గుడ్డోడంటాది తల్లీ. గుడ్డోడి బండి ఎవులెక్కుతారు? కోయించుకుంటే నలభై రోజులు మంచం. ఆటోలొచ్చేసినాయి, స్టేండులో నా వరస నిలబడదు. దీన్ని అమ్ముకోవాల" అన్నారు. గుర్రం తోక వైపు చెయ్యి చాపి గాల్లో తడిమారు. "ఎవులికీ సెప్పకు. నీకు దణ్ణం పెడతాను."

పెద్దవాళ్ళు దణ్ణం అంటే వినలేం. నాకు ఏడుపొచ్చింది, దాన్ని కప్పుకోవడానికి ఇంకా గట్టిగా అరిచాను. "అమ్మక్కర్లేదు. ఆ నలభై రోజులూ నేను తోల్తాను" అన్నాను. అనేశాక గాని నేనేమన్నానో నాకే తెలియలేదు.

"ఆడకూతురు జట్కా తోల్తాదేటి?"

"కళ్ళు లేకుండా మీరు తోలగా లేంది, కళ్ళున్న నేను తోలలేనా?"

నిజానికి వీధిలో పగ్గం పట్టడం అదే మొదటిసారి. మామగారు వెనక్కి వెళ్ళి కూర్చున్నారు. నేను ముందు కూర్చునేసరికి బండి వెనక్కి ఒరిగి గుర్రం ముందుకాళ్ళు తేలాయి. అంత అవమానంలోనూ ఆయన, "ముందుకి జరగండి, అందరూ ముందుకి జరగండి" అని కేకలేస్తూ ముసలివాళ్ళ మధ్యన సర్దుకున్నారు. గొయ్యి చుట్టూ తిప్పి హైస్కూలుకి చేర్చాను. నాతవరం ముసలమ్మ దిగుతూ, "మీ మావ కంటే నెమ్మదిగా తోలినావు తల్లీ" అని దీవించింది.

కేంపులో మామగారి వేషాలు చెప్పనలవి కాదు. డాక్టరుగారు ఎదురుగా చెయ్యి పెట్టి ఎన్ని వేళ్ళని అడిగితే, తడుముకోకుండా "మూడండి" అన్నారు. డాక్టరుగారు పిడికిలి బిగించి చూపిస్తున్నారు. అది పిడికిలని నేను చెబితే, "అన్నీ ముడిసేస్తే ఎలాగండి బాబూ" అని దబాయించారు. డాక్టరుగారు నవ్వాపుకుని ఆయన పేరు రాసుకున్నారు. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయట. ముందు కుడికన్ను చేస్తామన్నారు. ఆపరేషను బల్ల మీద పడుకోబెట్టేటప్పుడు కూడా, "మా కోడలు మాట తీసెయ్యలేక వచ్చినాను గాని, నా కళ్ళు బాగానే ఉన్నాయండి" అని నర్సుకి చెప్పారట.

ఇక నా నలభై రోజులు. మొదటి రోజు స్టాండులో బండివాళ్ళందరూ నన్ను చూసి తల తిప్పుకున్నారు. ఒకాయన, "ఏటమ్మా, అంట్లు తోమీసినావా, ఇటొచ్చినావు?" అన్నాడు. "తోమేశాను, మీ గుర్రాన్ని కూడా పంపండి, దాన్నీ తోమేస్తాను" అన్నాను. ఆ రోజుకి నాకు బేరం రాలేదు. రెండో రోజు మిషను స్కూలు టీచరుగారు వచ్చి మాట్లాడకుండా ఎక్కి కూర్చున్నారు. ఆవిణ్ణి చూసి ఆస్పత్రికి వెళ్ళే ఆడవాళ్ళు ఎక్కారు. వారం తిరిగేసరికి ఆడవాళ్ళు నా బండికే కాచుకునేవారు. మామగారి వరసలో ఆటో వచ్చి నిలబడితే, తల తిప్పుకున్న బండివాళ్ళే వెళ్ళి తీయించారు. మా ఆయన మాత్రం నేను ఎదురైతే సందులోకి తప్పుకునేవారు. సిగ్గుతో అనుకున్నాను. గుర్రమంటే భయంతోనట.

దారులన్నీ గుర్రానికే తెలుసు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ పక్కకి తీయాలో నాకు అదే నేర్పింది. ఒక్క చోట మాత్రం చిక్కొచ్చింది. మధ్యాహ్నం అయ్యేసరికి అది నన్నడక్కుండా సమాధుల తోట గోడ దగ్గరికి వెళ్ళి ఆగిపోయేది. పావుగంట కదిలేది కాదు. మా అత్తగారి సమాధి ఆ గోడ అవతలే ఉంది. రోజూ మామగారు ఇక్కడికొచ్చి కూర్చుంటారా అని నాకు గుండె నీరైపోయింది. ఇంటికొచ్చి ఆయన మంచం పక్కన కూర్చుని, "మావయ్యా, అత్తయ్యగారంటే మీకింత ఇదని నాకు తెలీదు" అని కళ్ళు తుడుచుకున్నాను.

"అక్కడ గడ్డి బాగుంటాదమ్మా" అన్నారాయన కట్టు కింద నుంచి. నాకు తిక్క రేగి లేచిపోతుంటే, "మీ అత్త కూడా అక్కడే ఉన్నాది కదా మరి" అన్నారు.

పాక దగ్గర దుమ్ము, ఈగలు, అటు వెళ్ళనివ్వద్దని డాక్టరుగారు చెప్పారు. నలభై రోజులూ గుర్రం గిట్టల చప్పుడు మాత్రమే వింటూ గదిలో ఉన్నారు. ఆయన కొట్టిన దెబ్బల్లో ఒకటి చీరుకుని పుండు పడింది. పసుపూ కొబ్బరినూనే రాస్తే మానింది గాని, అక్కడ వెంట్రుకలు మొలవలేదు. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

కళ్ళద్దాలొచ్చిన రోజున వీధి గుమ్మంలో బండి నిలబెట్టి పిలిచాను. సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని బయటికొచ్చారు. ఇరుగుపొరుగు వాళ్ళు చూడ్డానికి చేరారు. మామగారు ముందు ఆకాశం చూశారు, ఎదురింటి గోడ చూశారు, పక్కింటి మామ్మగారి మొహం చూసి, "ఇంత ముసిల్దానివైపోనావేటి?" అన్నారు. అందరూ నవ్వారు. ఆ తరవాత గుర్రాన్ని చూశారు. చూసి, బండి వెనక్కి తొంగి చూశారు. ఒకప్పుడు నేను పాకలో తొంగి చూసినట్టే.

"నా గుర్రవేది?" అన్నారు.

"ఎదురుగా ఉంది కదా మావయ్యా."

"ఇది కాదు. నాది తెల్లది." గొంతు పెంచారు. "నా గుర్రాన్ని ఏటి సేసినావు? నాను మంచంలో ఉంటే అమ్మీసినావా?"

ఎవరూ నవ్వలేదు. ఆయన వేళాకోళం ఆడటం లేదని అందరికీ ఒక్కసారే అర్థమైంది. పాలనురగ, మల్లిపువ్వు అంటూ మూడేళ్ళుగా ఆయన చెప్పినవి గొప్పలు కావు. బేరగాడు తెల్లదని చెప్పాడు, ఈయన కళ్ళకి తెల్లగానే మసగ్గా కనబడింది. మేం నవ్వుకున్నాం. కాదని ఒక్కళ్ళం చెప్పలేదు. నలభై రోజులు ఎండలో నిలబడి కాపాడితే నన్ను దొంగని చేశారే అని కోపం వచ్చింది, ఇంకో రెండు సబ్బులు పడతాయన్న నా మాట గుర్తొచ్చి ఆ కోపం దిగిపోయింది. వీధిలో అందరి ముందూ ఏడ్చేశాను.

"అద్దాలు తీసి కళ్ళు మూసుకోండి మావయ్యా" అన్నాను.

ఏ కళనున్నారో మాట విన్నారు. ఆయన చెయ్యి పట్టుకుని గుర్రం నుదుటి మీద పెట్టాను. వేళ్ళు సుడి మీద ఒకసారి తిరిగి ఆగాయి. అక్కడి నుంచి చిరిగిన చెవి కొస మీదికి, జూలు మీదికి వెళ్ళాయి. గుర్రం మూతితో ఆయన చొక్కా జేబు వెతికింది, బెల్లంముక్క అక్కడే ఉంటుందని దానికి తెలుసు. ఆయన మొహం విప్పారింది. "ఇదే" అన్నారు. "ఇదేనమ్మా." కళ్ళు మూసుకునే వీపు మీదుగా వెనక్కి తడుముకుంటూ వెళ్ళారు. తొడ మీద, వెంట్రుకల్లేకుండా నున్నగా ఉన్న చోట చెయ్యి ఆగింది.

"ఇది మునుపు నేదు. ఏటిది?"

ఏదో ఒకటి చెప్పి దాటెయ్యొచ్చు. మా ఇంటి అలవాటు అదే. "ఆ రోజు గొయ్యి దగ్గర మీరు కొట్టిన దెబ్బ" అన్నాను.

ఆయన చాలాసేపు చెయ్యి తీయలేదు. తరవాత దాని మెడకి నుదురు ఆనించి, మాకెవరికీ కాదు, దానికే చెప్పారు. "నాకు కనబడనేదమ్మా. గొయ్యి కనబడనేదు. నువ్వూ కనబడనేదు."

డాక్టరుతో అనని మాట, నాతో అనని మాట, ఆయన నోట వినడం అదొక్కసారే.

మర్నాటి నుంచి మళ్ళీ ఆయనే బండి తోలారు. చెర్నాకోల పాక చూర్లోనే ఉండిపోయింది. నాలుగు రోజులు పోయాక సంతకని నేను బస్టాండు దగ్గరికి వెళ్ళేసరికి, తోటి బండివాళ్ళు ఆయన్ని ఆటపట్టిస్తున్నారు, గుర్రం రంగేటి ఇలగైపోనాదని. మామగారు ఏమాత్రం తొణక్కుండా, "తెల్లదే. మా కోడలు నలభై రోజులు ఎండలో తిప్పింది కదా, నల్లబడిపోనాది" అంటున్నారు.

ఈసారి నేను ఊరుకోలేదు. బండెక్కి వెనక మూల కూర్చుని, అందరికీ వినబడేలా, "తెల్లది కాదు మావయ్యా, మొదటి నుంచీ గోధుమ రంగే" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగారు. నా పెళ్ళయ్యాక ఆ బండిలో ఆయన నా వైపు తిరిగి చూడటం అదే మొదలు. ఆ లావుపాటి అద్దాల్లోంచి నా మొహాన్ని, చేతుల్ని చాలాసేపు చూశారు.

"గుర్రం కాదు తల్లీ, నువ్వు నల్లబడిపోనావు" అన్నారు. అని, పగ్గం సర్దుకుని, "కొద్దిగా ముందుకి జరుగు" అన్నారు.